టెక్సస్: మా వాడికి 16, కేసు మధ్యలో 17 వస్తే?

అనంతపురం నుంచి కొత్తగా డల్లాస్ వచ్చినాయన:
అన్నా, వచ్చి మూడు నెలలు. మా వాడు ఫ్రెండ్స్‌తో మాల్‌కు పోయి 150 డాలర్ల హెడ్‌ఫోన్స్ జేబులో వేసుకుని దొరికిపోయాడు. వయసు అడిగితే 16 అన్నాడంట. పోలీసులు మాకు ఫోన్ చేసి అప్పజెప్పారు. వచ్చే నెల 17 నిండుతాయి. వాయిదా ఆ తర్వాత పడితే పెద్దోళ్ల కోర్టుకు పంపుతారా? రెండు రాత్రులుగా నిద్ర లేదు.

ప్రొద్దుటూరు, పద్నాలుగేళ్లుగా ఇక్కడే:
తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకో. వాయిదా ఎప్పుడన్నది కాదు, ఆ పని చేసిన రోజు వయసెంతన్నది లెక్క. 10 నిండి 17 నిండకుంటే జువెనైల్ కేసే, అంటే పిల్లల కోర్టులో నడిచే కేసు. మన దగ్గర 18 కదా, ఇక్కడ 17 నిండినాక చేస్తే పెద్దోళ్ల కేసు. సిగరెట్ కొనాలంటే 21 ఉండాల, జైలుకు మాత్రం 17 చాలు!

ఎంతకాలం పట్టుకుంటారన్నది వేరే లెక్క. మామూలు ప్రొబేషన్, అంటే ఇంటి దగ్గరే ఉంచి కోర్టు నిఘా పెట్టడం, 18వ పుట్టినరోజుతో ఆఖరు. రాష్ట్రం నడిపే బాల నేరస్థుల కేంద్రాల్లో పెట్టేంత పెద్ద కేసైతే 19 దాకా. కాలిఫోర్నియాలో ఉండే బావమరిది 21 అంటాడు, 25 అంటాడు. అది వాళ్ల చట్టం, నీకు వర్తించదు.

వాడిని లాయరు లేకుండా ఎవరితోనూ మాట్లాడనీయొద్దు. జువెనైల్ కోర్టు తీర్పును ఇమిగ్రేషన్‌లో నేరం రుజువైనట్టు లెక్కేయరు. కానీ గ్రీన్‌కార్డు ఫారంలో అరెస్టు గురించి అడుగుతారు, దాయొద్దు.

అనంతపురం ఆయన:
అన్నా, ఒక తిరకాసుంది. ఒకటో తరగతిలో చేర్చడానికి మా నాయన వాడి పుట్టినతేది నాలుగు నెలలు వెనక్కి వేయించాడు. పాస్‌పోర్టులోనూ అదే. దాని ప్రకారం వాడికి ఎప్పుడో 17 దాటింది.

కర్నూలు, ఇద్దరు పిల్లల తల్లి:
అయ్యో తమ్ముడూ, ఇదే ముందు చెప్పాల్సింది! మన దేశంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో వయసు తేల్చాలంటే మొదట స్కూలు సర్టిఫికెట్టే చూస్తారు, అది లేకుంటేనే మున్సిపాలిటీ కాగితం. ఇక్కడ ఆ వరస నమ్ముకోవద్దు. నీ పాస్‌పోర్టు తేదీయే వీసా కాగితాల్లోనూ ఉంది. 16 అని నువ్వు నోరు తెరిచినా, 17 అని తెరిచినా ఒక చోట అబద్ధం చెప్పినట్టవుతుంది. పోలీసులకు గానీ స్కూలుకు గానీ ఏమీ రాయొద్దు. క్రిమినల్ లాయరు, ఇమిగ్రేషన్ లాయరు ఇద్దరికీ ఒకే రోజు ఉన్నదున్నట్టు చెప్పు. అసలు పుట్టిన కాగితం ఏదైనా ఉందా?

అనంతపురం ఆయన:
కాన్పు అయిన ఆస్పత్రి చీటీ మా అత్త దగ్గర ట్రంకు పెట్టెలో ఉందంట అక్కా. తెల్లారితే ఫొటో పంపిస్తానంది.

ప్రొద్దుటూరు:
ఫొటోతో ఆపకు. ఆ చీటీ పారేయొద్దని చెప్పు, లామినేషన్ కూడా చేయించొద్దు. పుట్టినప్పుడు మున్సిపాలిటీలో రాయించి ఉంటే ఆ సర్టిఫికెట్ నకలు కూడా తీయించు.