రిపోర్టులో ఎల్ఆర్-4 అని ఉంది, అంటే నాలుగో స్టేజీయేనా?

ప్రశ్న:
నమస్కారమండీ. మా నాన్నగారికి 61 ఏళ్లు. హెపటైటిస్ బి పదిహేనేళ్లుగా ఉంది, మూడేళ్ల క్రితం సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) అన్నారు. ఆరు నెలలకోసారి చేయించే అల్ట్రాసౌండులో ఈసారి చిన్న గడ్డ కనబడిందని ట్రిపుల్ ఫేజ్ సీటీ (మందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్) రాశారు. రిపోర్టు చివర "సెగ్మెంట్ 6, 16 మి.మీ., ఎల్ఆర్-4" అని ఉంది. కౌంటర్లో కవరిచ్చినాయన అది చూసి "నాలుగా..." అని ఆగిపోయాడు. మేం ఇల్లు చేరేలోపే అమ్మకి నాలుగో స్టేజీ అని ఎవరో చెప్పేశారు. రెండు రోజులుగా ఇంట్లో పొయ్యి వెలగలేదు. డాక్టరుగారు శుక్రవారం గానీ చూడరు. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ అనుమానంతో చేసే రక్తపరీక్ష) 9 వచ్చింది. తెలిసినవాళ్లు కాస్త చెప్పరూ?

జవాబు (రేడియాలజిస్టుని):
ముందు అమ్మగారికి చెప్పండి, అది స్టేజీ కాదు. స్టేజీ అంటే జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పేది. ఈ అంకె చెప్పేది వేరు: బొమ్మ చూసి "ఇది లివర్ క్యాన్సరే" అని మేం ఎంత నమ్మకంగా అనగలం అని. 1 అంటే కచ్చితంగా ప్రమాదం లేనిది, 5 అంటే కచ్చితంగా క్యాన్సర్. ఈ పద్ధతిని లై-రాడ్స్ అంటారు, రిపోర్టులో ఎల్ఆర్ అన్నది దాని పొట్టిపేరే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2011లో మొదలుపెట్టింది. అంతకుముందు ఒకరు "అనుమానాస్పదం" అని, ఇంకొకరు "కొట్టిపారేయలేం" అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవాళ్లం. అది చదివి సర్జన్లు తల పట్టుకునేవాళ్లు.

ఇక మీ నాన్నగారి 4 ఎలా వచ్చిందో చూద్దాం. లివర్‌కి ముప్పావు వంతు రక్తం పోర్టల్ సిర నుంచి, మిగతాది ధమని నుంచి వస్తుంది. ఈ క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని మీదే బతుకుతుంది. అందుకే స్కాన్ కోసం రక్తనాళంలోకి మందు ఎక్కించగానే, అది ధమనిలో ఉండే మొదటి దశలో, అంటే ధమని దశలో, గడ్డ చుట్టుపక్కల లివర్ కన్నా ముందు తెల్లగా మెరుస్తుంది. తర్వాతి దశల్లో లివర్ తెల్లబడే వేళకి గడ్డ వెలిసిపోయి నల్లగా కనిపిస్తుంది. దీన్నే వాషౌట్ అంటాం. చుట్టూ అంచులా మెరిసేది క్యాప్సూల్. మీ రిపోర్టులో "ఫైండింగ్స్" కింద ఈ మూడింటి గురించి ఏం రాశారో చూసి చెప్పండి. చివరి అంకె కన్నా ఆ నాలుగు లైన్లే ముఖ్యం.

ప్రశ్న వేసినవారు:
ధమని దశలో మెరుపు ఉంది, వాషౌట్ లేదు, క్యాప్సూల్ ఉంది అని రాశారండీ.

రేడియాలజిస్టు:
లెక్క సరిపోయింది. 10 నుంచి 19 మి.మీ. మధ్య గడ్డకి మెరుపుతో పాటు క్యాప్సూల్ ఒక్కటే ఉంటే 4. వాషౌట్ కూడా ఉంటే 5 అయ్యేది. ఇదే గడ్డ 20 మి.మీ. ఉంటే క్యాప్సూల్‌తోనే 5. చూశారా, నాలుగు మిల్లీమీటర్ల తేడా.

అలాగని 4ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎల్ఆర్-4 అన్నవాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు చివరికి క్యాన్సర్‌గానే తేలతాయి. ఏఎఫ్‌పీ 9 చూసి ధీమా పడకండి, చిన్న గడ్డల్లో అది చాలాసార్లు పెరగదు. 5 వస్తే ముక్క తీయకుండానే చికిత్స మొదలుపెట్టొచ్చు. 4కి మాత్రం సర్జన్, హెపటాలజిస్టు (లివర్ డాక్టర్), రేడియాలజిస్టు కలిసి కూర్చుని బయాప్సీయా, ఎంఆర్ఐయా, మూడు నెలల్లోపు మళ్లీ స్కానా అన్నది తేల్చాలి. పాత సీటీ గానీ ఎంఆర్ఐ గానీ ఉందా? ఆరు నెలల్లోపు గడ్డ సగానికి సగం పెరిగితే అదీ 5 కిందకే వస్తుంది. పాత అల్ట్రాసౌండ్ దీనికి పనికిరాదు.

ఇంకొకరు:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా అమ్మకి సిర్రోసిస్ లేదు, బి, సి రెండూ నెగటివ్, ఫ్యాటీ లివర్ మాత్రమే. ఒక సెంటర్లో ఎల్ఆర్-3 అని ఇచ్చారు.

రేడియాలజిస్టు:
ఆవిడకి ఆ అంకె వేయకూడదండీ. సిర్రోసిస్, దీర్ఘకాలిక హెపటైటిస్ బి, లేదా ఇదివరకు లివర్ క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఒకటైనా ఉన్న పెద్దవాళ్లకే ఈ పద్ధతి. పిల్లలకి వాడరు. రక్తనాళాల జబ్బుతో సిర్రోసిస్ వచ్చినవాళ్లకీ వాడరు. మామూలు లివర్‌లో ధమని దశలో మెరిసే అమాయకపు గడ్డలు బోలెడు. ఆ గడ్డ ఏమిటో తేల్చుకోవాల్సిందే, కానీ ఈ కొలబద్దతో కాదు. అంకె పక్కన పెట్టి వివరంగా మళ్లీ చదివించండి.

ప్రశ్న వేసినవారు:
పాతది దొరికింది! ఐదు నెలల క్రితం కడుపునొప్పికని వేరేచోట మందు ఎక్కించి తీసిన సీటీ. రిపోర్టులో ఓ మూల 11 మి.మీ. అని ఉంది, మాకెవరూ చెప్పలేదు. 11 నుంచి 16 అంటే 45 శాతం. సగం దాటలేదు కదా, 4గానే ఉన్నట్టేనా?

రేడియాలజిస్టు:
రెండు కాగితాల మీది అంకెలతో తేల్చకండి. అప్పటిది 11 కాక 10 అయితే 60 శాతం, అంటే 5. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ కావడం మాకు మామూలే. ఒకే మనిషి రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టుకుని, ఒకే దశలో కొలవాలి. పాత సెంటర్‌కి వెళ్లి సీడీ అడగండి. ఫిల్ము వద్దు, వాట్సాప్ ఫోటో అసలే వద్దు. శుక్రవారం రెండు సీడీలూ పట్టుకెళ్లండి. కిడ్నీ క్రియాటినిన్, ప్లేట్‌లెట్ల రిపోర్టులు కూడా. ఎంఆర్ఐకి మందు ఎక్కించాలన్నా, బయాప్సీ అన్నా ముందు అడిగేవి అవే.

ప్రశ్న వేసినవారు:
రేపు పొద్దున్నే తమ్ముణ్ణి సీడీ కోసం పంపిస్తున్నా. అమ్మకి స్టేజీ కాదని చెప్పానండీ, లేచి టీ పెట్టింది.