అండమాన్‌లో చివరి మూడు రోజులు: స్కూబా, నీల్ ద్వీపం, తిరుగు విమానం ఎలా సర్దుకోవాలి?

కోఠీ బ్యాచ్:
నమస్కారం. డిగ్రీ చదివిన రోజుల నుంచి కలిసి తిరుగుతున్న మేము అయిదుగురం మే మూడో వారంలో హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్తున్నాము. మొదటి నాలుగు రోజుల సంగతి తేలిపోయింది, తగవంతా చివరి మూడు రోజుల దగ్గరే వచ్చింది. గురువారం ఉదయానికి మేము హేవ్‌లాక్‌లో, అంటే 2018లో స్వరాజ్ ద్వీపంగా పేరు మార్చిన దీవిలో ఉంటాము. శనివారం మధ్యాహ్నం ఒంటి గంటకు పోర్ట్ బ్లెయిర్ నుంచి తిరుగు విమానం. శుక్రవారం సాయంత్రం వరకు అక్కడే ఉండి, ఆ రోజే స్కూబా డైవింగ్ చేసి, శనివారం తొలి ఓడ దిగి నేరుగా విమానాశ్రయానికి చేరుకుందామని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇంకొకడికి నీల్ ద్వీపం చూడకపోతే ప్రయాణమే దండగ. మాలో ఒకడు ఆగస్టులో కెనడా వెళ్లిపోతున్నాడు కనుక, చివరి సాయంత్రమైనా సామాన్లు మోసుకుంటూ పరుగెత్తకుండా అందరం ఒకచోట కూర్చోవాలని నా కోరిక. దేన్ని వదులుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సీతాఫల్‌మండి నివాసి:
ముందుగా స్కూబాను శుక్రవారం నుంచి తప్పించి గురువారం ఉదయానికి జరపండి. నీటి లోతున ఒత్తిడి ఎక్కువ కావడం వల్ల మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది, పైకి వచ్చాక అది నెమ్మదిగా మాత్రమే బయటికి పోతుంది. అది పూర్తిగా పోకముందే విమానం ఎక్కితే, అక్కడి తక్కువ ఒత్తిడికి, సోడా సీసా మూత తీసినప్పటిలాగా ఒంట్లో బుడగలు పుట్టి, కీళ్ల నొప్పుల నుంచి ప్రాణాపాయం వరకు ఏదైనా కావచ్చు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగాలన్నది సాధారణ నియమం, 24 గంటలు ఆగితే నిశ్చింత.

గురువారం సాయంత్రం రాధానగర్ తీరానికి అయిదింటికల్లా చేరుకోండి. గడియారం మనదే అయినా ఆ దీవులు హైదరాబాద్‌కు సుమారు 14 డిగ్రీలు తూర్పున ఉన్నాయి కాబట్టి మే నెలలోనూ ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. ట్యాంక్‌బండ్ అలవాటు కొద్దీ మేము ఆరున్నరకు తీరిగ్గా వెళ్లి, ఇసుకలో విడిచిన చెప్పులను ఫోన్ వెలుతురులో వెతుక్కున్నాము.

మల్కాజిగిరి నుంచి:
శనివారం తొలి ఓడ ఆలోచన మానుకోండి. నైరుతి రుతుపవనాలు మన దగ్గరికి జూన్‌లో వచ్చినా, అండమాన్ సముద్రాన్ని సాధారణంగా మే మూడో వారం ప్రాంతంలోనే తాకుతాయి. రెండేళ్ల కిందట సరిగ్గా మీలాగే లెక్క వేసుకుని ఉదయం ఆరింటికి జెట్టీకి చేరితే, అలల ఉధృతి వల్ల ఓడ రద్దయిందన్నారు. టికెట్ డబ్బులు వెనక్కి వచ్చాయి కానీ విమానం డబ్బులు రాలేదు. జెట్టీ బయట టీ అమ్ముతున్న పెద్దాయన మా తెలుగు విని, "రాత్రి గాలి చూసుంటే నిద్రన్నా పోయేవారు కదా బాబూ" అన్నారు. ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి వలస వచ్చినవారట. (అక్కడ మన భాష బాగానే వినిపిస్తుంది, 2011 జనగణన ప్రకారం సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే.)

శుక్రవారం పొద్దున్నే బయలుదేరి, నీల్‌లో కొన్ని గంటలు ఆగి, సాయంత్రానికి పోర్ట్ బ్లెయిర్ చేరడం కుదరని పని కాదు. అయితే అక్కడి సహజ శిలావంతెన దగ్గరికి సముద్రం వెనక్కి తగ్గిన వేళలోనే నడిచి వెళ్లగలరు, ఆ వేళ రోజురోజుకూ మారుతుంది. అయిదుగురి పెట్టెలతో అంత హడావిడి అవసరమా అన్నది మీరే ఆలోచించుకోండి.

కాచిగూడ పాఠకుడు:
పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) చివరి సాయంత్రం గడపడం వృథా అనుకోవద్దు. సెల్యులార్ జైలులో మొదట ఏడు విభాగాలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక విభాగం గదుల ముఖం పక్క విభాగం వీపు వైపు ఉండేట్టు కట్టినందువల్ల ఖైదీలు ఒకరినొకరు చూసుకోగలిగేవారు కాదు. మీ పేరులో కోఠీ ఉంది కనుక ఒక మాట: 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీలోని రెసిడెన్సీపై దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను ఆంగ్లేయులు ఈ దీవులకే పంపారు. 1906లో పూర్తయిన ఈ జైలు అప్పటికి లేదు, ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు.

తీరంలో ఏరిన పగడపు ముక్కలు సంచిలో వేసుకోకండి. చట్టం ఒప్పుకోదు, విమానాశ్రయం తనిఖీలో తీయించేస్తారు.

కోఠీ బ్యాచ్:
అందరికీ కృతజ్ఞతలు. గురువారం ఉదయం స్కూబా, శుక్రవారం మధ్యాహ్నానికి పోర్ట్ బ్లెయిర్, సాయంత్రం జైలు, రాత్రి తీరిగ్గా భోజనం అని తేల్చుకున్నాము. నీల్ కోరిన మిత్రుడు రెండు రోజులు అలిగి, తిరుగు విమానంలో కిటికీ సీటు ఇస్తామన్నాక ఒప్పుకున్నాడు.