మెటర్నిటీ లీవ్ ఏడాదికి క్యాస్‌లో గ్రేడు ఎలా లెక్కకడతారు?

ప్రశ్న:
స్టేట్ యూనివర్సిటీలో సైన్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పీహెచ్‌డీ ఉంది, సర్వీసు నాలుగేళ్లు నిండింది. క్యాస్ (అధ్యాపకుల కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పదోన్నతి పథకం) కింద పే లెవెల్ 10 నుంచి 11కి ఫైలు పెడుతున్నాను. మధ్యలో 180 రోజులు మెటర్నిటీ లీవ్. ఆ ఏడాది క్లాసులు సగం కూడా లేవని వార్షిక గ్రేడు ‘నాట్ శాటిస్‌ఫ్యాక్టరీ’ అంటున్నారు. డిపార్ట్‌మెంట్‌లో అడగడానికి సీనియర్ మేడమ్ ఎవరూ లేరు. ముందుముందు అసోసియేట్ ప్రొఫెసర్‌కి ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.

జవాబు 1:
ఆ లెక్క తప్పు మేడమ్. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ అపెండిక్స్ 2లో టేబుల్ 1 కింద నోట్ చూడండి. మెటర్నిటీ, చైల్డ్ కేర్ లీవ్ రోజులు తీసేసి, మిగిలిన కాలానికి వచ్చిన శాతాన్నే ఏడాది మొత్తానికీ వర్తింపజేయాలి. ఉదాహరణకు కేటాయించినవి 240 క్లాసులు, అందులో లీవ్‌లో పోయినవి 110, మీరు చెప్పినవి 117 అనుకోండి. 240కి 117 అంటే 49 శాతం కూడా రాదు. 130కి 117 అంటే 90 శాతం. 80 శాతం, ఆపైన ఉంటే ‘గుడ్’. ఒకటే షరతు, లీవ్ ముందుగా మంజూరై ఉండాలి. శాంక్షన్ ప్రొసీడింగ్స్, సర్వీస్ రిజిస్టర్ ఎంట్రీ, టైమ్‌టేబుల్ మూడూ జతచేయండి. మీ స్టేజీకి నాలుగేళ్లలో మూడేళ్ల గ్రేడు చాలు, అయినా ఈ ఏడాదిని వదులుకోకండి. రెండో కాన్పు తర్వాతి ఫైలుకు ఇదే ఆధారమవుతుంది.

జవాబు 2:
అసోసియేట్‌కి పరిశోధన పనికి పాయింట్లుగా లెక్కించే రీసెర్చ్ స్కోరు 70 కావాలి, ఏడు పేపర్లుండాలి. చాలామంది చూడనిది, ఆ స్కోరు ఆరు కేటగిరీల్లో కనీసం మూడింటి నుంచి రావాలి. అన్నీ పేపర్లే అయితే ఫైలు వెనక్కొస్తుంది. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది రాసిన పేపరులో మొదటి లేదా కరెస్పాండింగ్ (జర్నల్‌తో సంప్రదింపులు జరిపే) ఆథర్‌కి 70 శాతం, మిగతావారికి తలా 30. సైన్స్ పేపరుకి 8 పాయింట్లనుకుంటే 5.6కీ 2.4కీ ఉన్న తేడా అది. అందుకే పేర్ల వరుస పని మొదలయ్యేముందే మెయిల్‌లో తేల్చుకోండి.

జవాబు 3:
కల్చరల్, హాస్టల్, యాంటీ ర్యాగింగ్ కమిటీలన్నీ మేడమ్‌ల మీదే వేస్తారు. వార్షిక గ్రేడులో క్లాసులతోపాటు ఇలాంటి పనులకూ ఒక భాగముంది. ఏడాదికి మూడు కార్యకలాపాలుంటే ఆ భాగంలో ‘గుడ్’ వచ్చేస్తుంది, నాలుగోదానికి గ్రేడు పెరగదు. ఆ మూడింటికీ ప్రొసీడింగ్స్ తీసుకుని, ఆపై వచ్చినవాటికి ‘ఈ ఏడాది మూడున్నాయి సార్’ అని రాసివ్వండి.

అడగడానికి సీనియర్ లేరన్నారు కదా, సలహాకు ఒక మెంటర్‌ని చూసుకోండి. ఆ మెంటర్ మీ హెచ్‌ఓడీ కాకుండా చూసుకోండి, మీ గ్రేడు రాసేవారి దగ్గర ఇబ్బందులు విప్పి చెప్పలేం. వేరే యూనివర్సిటీలో మీ సబ్జెక్టు ప్రొఫెసర్ అయితే మేలు. మూడు నెలలకోసారి అరగంట అడగండి, ముందురోజే ఒక పేజీలో స్కోరు పట్టిక పంపండి. సలహాతో ఆగకుండా సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి, థీసిస్ ఎగ్జామినర్ ప్యానెల్‌కి మీ పేరు సూచించమనండి. అడగందే ఎవరికీ గుర్తు రాదు.