వర్చువల్ మెషీన్‌లో టార్ బ్రౌజర్: ఒక్క వీఎం సరిపోతుందా?

లంకగట్టు: నమస్తే అందరికీ. మా జిల్లాలో ఇసుక తవ్వకాల మీద సొంతంగా రాస్తుంటాను. కొందరు ధైర్యం చేసి కాగితాలు పంపిస్తున్నారు, వాళ్ల పేర్లు నా వల్ల బయటపడకూడదన్నదే నా టెన్షన్. ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, విండోస్ 11. విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ (వీఎం) కోసం వర్చువల్‌బాక్స్ పెట్టి, దాంట్లో ఉబుంటు లినక్స్ వేసి, ఎక్కడి నుంచి చూస్తున్నామో దాచే టార్ బ్రౌజర్ అందులో పెట్టుకున్నాను. ఇది చాలా? వీపీఎన్ (మన నెట్‌ని ఒక కంపెనీ సర్వర్ మీదుగా పంపే సర్వీసు) కొంటే ఇవేవీ అక్కర్లేదని మా ఫ్రెండ్ అంటున్నాడు.

నెట్‌వర్క్_రావు: చాలదండి. మీ ఉబుంటుకి టార్ దారి ఒకటుంది, వర్చువల్‌బాక్స్ వీఎంకి ఇచ్చే నాట్ అడాప్టర్ ద్వారా మామూలు నెట్ దారీ ఉంది. బ్రౌజర్‌లో లోపం పట్టుకుని ఎవరైనా కోడ్ నడిపించగలిగితే ఆ కోడ్ టార్‌ని పక్కన పెట్టి నేరుగా బయటికి వెళ్తుంది, మీ ఇంటి ఐపీ (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) వాళ్ల చేతికి పోతుంది. ఇది ఊహ కాదు, 2013 ఆగస్టులో సరిగ్గా ఇదే జరిగింది: పాత టార్ బ్రౌజర్‌ని విండోస్‌లో వాడుతున్నవాళ్ల మీద దానికి ఆధారమైన ఫైర్‌ఫాక్స్‌లోని లోపంతో దాడి చేసి అసలు ఐపీ, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్ నంబర్) లాగేశారు. 2016 నవంబర్‌లో మళ్లీ అలాంటిదే ఇంకోటి బయటపడింది.

అందుకే టార్ కోసమే తయారైన హూనిక్స్ అనే లినక్స్ సిస్టమ్ వాడమంటాను. అందులో రెండు వీఎంలు. గేట్‌వేలో టార్ మాత్రమే నడుస్తుంది, బ్రౌజర్ వర్క్‌స్టేషన్‌లో ఉంటుంది. వర్క్‌స్టేషన్‌కి బయటి నెట్ అసలుండదు, ఇంటర్నల్ నెట్‌వర్క్ మీద గేట్‌వే ఒక్కటే కనిపిస్తుంది. బ్రౌజర్ పూర్తిగా దొరికిపోయినా, ఐపీ ఎంతని ఆ కోడ్ వెతికితే 10.152.152.11 అని లోపలి నంబరే వస్తుంది. మీ అసలు ఐపీ ఆ వీఎంకే తెలియదు కాబట్టి అది చెప్పలేదు.

వీపీఎన్ సంగతంటారా, ఆ కంపెనీకి మీరెవరో తెలుసు. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు దాచాలి.

సాయి_డెబియన్: అన్నా, నేను వాడుతున్నాను కాబట్టి ఎక్కడ ఆగిపోతారో చెప్తాను. హూనిక్స్ సైట్ నుంచి వర్చువల్‌బాక్స్ ఫైల్ దింపాక అది అసలైనదేనని చూపే డిజిటల్ సంతకం సరిచూడకుండా తెరవొద్దు, ఇంత జాగ్రత్తపడి నకిలీ ఫైల్ వేసుకుంటే అంతా వృథా. ఇంపోర్ట్ చేస్తే రెండు వీఎంలూ వస్తాయి. ముందు గేట్‌వే స్టార్ట్ చేసి టార్ కలిసేదాకా ఆగు, తర్వాత వర్క్‌స్టేషన్. విండో కింద తాబేలు బొమ్మ కనిపిస్తే విండోస్ సొంత వీఎం సాఫ్ట్‌వేర్ హైపర్-వి అడ్డొస్తోందని అర్థం, చాలా స్లో అవుతుంది. ల్యాప్‌టాప్ టైమ్ తప్పుంటే టార్ కలవదు, నేను దీని మీదే ఒక రాత్రంతా కూర్చున్నాను. 8 జీబీలో నడుస్తుంది గానీ విండోస్‌లో క్రోమ్ మూసెయ్. షేర్డ్ ఫోల్డర్, షేర్డ్ క్లిప్‌బోర్డ్ ఆన్ చెయ్యొద్దు. బ్రౌజర్‌కి కొత్త ఎక్స్‌టెన్షన్లు వెయ్యొద్దు, అందరి బ్రౌజర్ ఒకేలా కనిపించడమే అక్కడ రక్షణ.

లంకగట్టు: చాలా థాంక్స్ ఇద్దరికీ. మరి వచ్చిన పీడీఎఫ్‌లు విండోస్‌లో తెరవొచ్చా? వర్క్‌స్టేషన్‌లో నా పాత జీమెయిల్‌కి లాగిన్ అవ్వచ్చా?

కలంకారి77: రెండూ వద్దు. జీమెయిల్‌లో అడుగుపెట్టిన క్షణమే మీరెవరో మీరే చెప్పినట్టు, దానికి టార్ ఏం చెయ్యగలదు? పీడీఎఫ్‌ని వర్క్‌స్టేషన్‌లోనే తెరవండి, తెరిచే ముందు స్నాప్‌షాట్ (వీఎం అప్పటి స్థితి కాపీ) తీసుకుని పని అయ్యాక వెనక్కి తిప్పండి. కాగితాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించకండి, ఎవరు ఎప్పుడు తయారు చేశారో ఫైల్ లోపల రాసి ఉంటుంది. హూనిక్స్ మీ డిస్క్ మీద జాడలు ఉంచుతుంది, కాబట్టి ల్యాప్‌టాప్ డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేయండి. విండోస్‌లోనే వైరస్ ఉంటే మాత్రం ఈ రెండు గోడలూ నిలబడవు, అది మీ స్క్రీన్‌నే చూస్తుంది. కుదిరితే ఈ పనికి వేరే పాత ల్యాప్‌టాప్ పెట్టుకోండి.

లంకగట్టు: హూనిక్స్ పెట్టేశాను. గేట్‌వే ఆపేసి వర్క్‌స్టేషన్‌లో పేజీ తెరవబోతే ఏదీ రాలేదు, మళ్లీ స్టార్ట్ చేశాక వచ్చింది. ఇలాగే ఉండాలి కదా?

నెట్‌వర్క్_రావు: ఇలాగే ఉండాలి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష ఒకసారి చేయండి.