ఎమ్మెల్యే ఉండాల్సింది ఇంటి దగ్గరా, సభలోనా?

పాలమూరు పోరగాడు

మొన్న శుక్రవారం పొద్దున ఆరున్నరకు నాన్నను బండి మీద ఎక్కించుకుని మా ఎమ్మెల్యే ఇంటికి పోయాను. అప్పటికే గేటు ముందు అరవై డెబ్బై మంది. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, వాటిలో పాస్ పుస్తకం జిరాక్సులు, ఆసుపత్రి బిల్లులు, ఆధార్ కార్డులు. పీఏ ముందు సంతకాలు చేసి పెట్టిన లెటర్‌ప్యాడ్ కట్ట ఉంది. పేరు, ఊరు రాసి ఇవ్వడమే.

మాది ఎకరం పన్నెండు గుంటలు. తాత రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద కొన్నాడు, సాదాబైనామా అంటారు. 2020 నవంబర్ మొదటి వారంలో మీసేవలో దరఖాస్తు పెట్టాం. అది ఎందుకు ఆగిందో ఇన్నేళ్లలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. క్యూలో నిలబడి ఫోన్‌లో వెతికితే దొరికింది. భూమి హక్కుల రికార్డుల మీద ఉన్న పాత 1971 ఆర్‌ఓఆర్ చట్టంలో సాదాబైనామాలను క్రమబద్ధీకరించే సెక్షన్ ఉండేది. 2020 అక్టోబర్ 29న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది లేదు. ఒకపక్క సెక్షన్ తీసేశారు, ఇంకోపక్క దరఖాస్తులు తీసుకున్నారు! మొత్తం దాదాపు 9 లక్షలు వచ్చాయి. కొత్త చట్టం వచ్చాక పెట్టిన వాటిని ముట్టుకోవద్దని హైకోర్టు ఆపింది. మాది అందులో పడింది.

అంటే మా నాన్నను ఆ గేటు ముందు నిలబెట్టింది చట్టంలో లేకుండా పోయిన ఒక్క సెక్షన్. ఆ బిల్లు 2020 సెప్టెంబర్‌లో సభకు వచ్చింది, వారం తిరగకముందే రెండు సభలూ దాటింది. మా ఎమ్మెల్యే అప్పుడు కూడా ఎమ్మెల్యేనే. పొద్దున ఆరింటికి లేచి జనాన్ని కలుస్తాడని ఆయనకు మంచి పేరు. నాకు మాత్రం ఆయన అసలు పని ఆ సెప్టెంబర్‌లోనే ఉండె అనిపిస్తోంది. మీరేమంటారు?

నల్లగొండ స్వప్న

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. మా ఆడపడుచుకు నిమ్స్‌లో ఆపరేషన్ అన్నారు, డబ్బు కట్టమన్నారు. రాత్రి పదకొండింటికి మా ఎమ్మెల్యే పీఏకు ఫోన్ చేస్తే మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రి ఖర్చు కడతామని సీఎం సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ చేతికొచ్చింది. ఆ రాత్రి మాకు కావాల్సింది ఫోన్ ఎత్తే మనిషి, సభలో ఉపన్యాసం చెప్పేవాడు కాదు. సెక్షన్లు చదివే ఎమ్మెల్యే ఫోన్ ఎత్తకపోతే నేను మాత్రం ఓటెయ్యను.

రిటైర్డ్ గిర్దావర్

ముప్పై ఏళ్లు రెవెన్యూలో చేశాను కాబట్టి రెండు మాటలు.

సాదాబైనామా ఒక్కటే కాదు. ఆ చట్టంతో రెవెన్యూ కోర్టులు పోయాయి. అంతకుముందు తహసీల్దార్ తప్పు చేస్తే ఆర్డీఓ దగ్గరికి, అక్కడ కాకపోతే జాయింట్ కలెక్టర్ దగ్గరికి పోయేవాళ్లు. 2020 తర్వాత పేరులో ఒక అక్షరం తప్పు పడినా, పట్టా భూమి నిషేధిత జాబితాలో ఎక్కినా ధరణి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి కలెక్టర్ వైపు చూడాల్సి వచ్చేది, లేదా సివిల్ కోర్టుకు పోవాల్సి వచ్చేది. రెండెకరాల రైతు సివిల్ కోర్టుకు పోతాడా? ఎమ్మెల్యే ఇంటికే పోతాడు. తప్పులు సరిచేయమని ధరణిలో పెట్టిన దరఖాస్తు పేరు టీఎం33. ఆ మాట చదువు రాని ముసలవ్వలకు కూడా నోటికొచ్చిందంటే మీరే ఆలోచించండి.

స్వప్నమ్మా, ఎల్‌ఓసీ మాట కాదనను. కానీ ఆసుపత్రి నుంచి నేరుగా రావాల్సిన సాయానికి ఎమ్మెల్యే లెటర్ ఎందుకు కావాల్సి వచ్చింది? కల్యాణలక్ష్మి చెక్కు 1,00,116 రూపాయలు సర్కారు సొమ్ము. అది బ్యాంకు ఖాతాలో పడొచ్చు. ఫంక్షన్ హాల్లో టెంట్ వేసి, ఎమ్మెల్యే వచ్చేదాకా పెళ్లికూతురి తల్లిని కూర్చోబెట్టి ఇస్తారు. క్యూ తగ్గితే నష్టం ఎవరికో చెప్పక్కర్లేదు.

నల్లగొండ స్వప్న

ఎందుకు కావాల్సి వచ్చిందో నాకేం తెలుసు సార్. కావాల్సి వచ్చింది, ఆయన ఇప్పించాడు. వ్యవస్థ బాగుపడేదాకా మా ఆడపడుచు ఆగాలా?

హైకోర్టు మెట్ల మీద

పోరగాడా, చిన్న సవరణ. మీ ఎమ్మెల్యే ఆ రోజు బిల్లు మొత్తం చదివినా ఓటు మాత్రం పార్టీ చెప్పినట్టే వేసేవాడు. 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ (ఫిరాయింపుల చట్టం) వచ్చాక విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం, ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. కాబట్టి 119 మందీ చట్టాలు చేస్తున్నారని అనుకోవద్దు, చేసేది క్యాబినెట్.

రిటైర్డ్ గిర్దావర్

వకీలు గారూ, విప్ ఓటుకే కదా, నోటికి కాదు. ప్రశ్న వేయొచ్చు, సవరణ ఇవ్వొచ్చు, బిల్లును విడిగా పరిశీలించే సెలెక్ట్ కమిటీకి పంపమని అడగొచ్చు. ఇవేవీ కుదరకపోతే పార్టీ మీటింగ్‌లో "సార్, సాదాబైనామాల సంగతేంటి" అనొచ్చు. పల్లెటూరి ఎమ్మెల్యేకు ఆ మాట తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

హైకోర్టు మెట్ల మీద

అడగడానికి సభ జరగాలి కదండీ. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే చెప్పింది, పెద్ద అసెంబ్లీలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో నెల రోజులు కూడా జరగడం లేదు. ఆ కాస్త సమయంలోనూ ఎవరెంతసేపు మాట్లాడాలో పార్టీ బలాన్ని బట్టి పంచుతారు. మొదటిసారి గెలిచినవాడికి మైకు వచ్చేసరికి స్పీకర్ బెల్లు కొడతాడు.

తెనాలి బాబాయ్

మా వైపు సంగతి ఒకటి. భూమి హక్కుల మీద ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2022లో చేశారు, 2023 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది. బిల్లుగా ఉన్నప్పుడు మా ఊళ్లో ఒక్కడికీ తెలీదు. 2024 ఎన్నికలప్పుడు మాత్రం టీ కొట్టు దగ్గర అదే గొడవ, పొలం పోతుందని ఒకడు, పోదని ఒకడు. కొత్త ప్రభుత్వం వచ్చాక జులైలో రద్దు చేశారు. పెట్టినప్పుడూ చేతులెత్తారు, తీసినప్పుడూ చేతులెత్తారు. మధ్యలో ఏ ఎమ్మెల్యే అయినా ఊరికొచ్చి "ఇదిగో చట్టం, ఇందులో ఇది ఉంది" అని చదివి వినిపించాడా? మా ఊరికి రాలేదు. పెళ్లిళ్లకు వచ్చాడు, అక్షింతలు బాగానే వేస్తాడు.

సింగరేణి శీను

రెండూ చేసినోళ్లు లేరా? ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు బస్సెక్కి అసెంబ్లీకి పోయేవారు. ఊళ్లోనూ దొరికేవారు, సభలోనూ అడిగేవారు.

నల్లగొండ స్వప్న

2009లో ఓడించింది కూడా మనోళ్లే కదా అన్నా.

మాజీ వార్డ్ మెంబర్

మీరంతా హైదరాబాద్ దాకా పోతున్నారు. పంచాయతీలకు 29 అంశాలు ఇవ్వొచ్చని 73వ సవరణలో రాసుకున్నాం, 1993 నుంచి అమల్లో ఉంది. మరి మోరీ పూడిక తీయించాలన్నా ఎమ్మెల్యేనే ఎందుకు? మా సర్పంచ్‌లు 2024 ఫిబ్రవరి మొదట్లో దిగిపోయారు. తర్వాత స్పెషల్ ఆఫీసర్ల పాలన. మా ఆఫీసర్‌కు ఐదు ఊళ్లు. బోరు మోటార్ కాలిపోతే ఆయన్ను వెతికే బదులు ఎమ్మెల్యే మనిషికి ఫోన్ చేసేవాళ్లం, పని అయ్యేది. అలవాటైపోయింది. కిందవాడు బలంగా ఉంటే పైవాడి గేటు దగ్గర ఎవరూ ఉండరు. ఏ పార్టీ ఎమ్మెల్యేకూ అది ఇష్టం లేదు, ఇది మాత్రం స్టాంప్ పేపర్ మీద రాసిస్తా.

పాలమూరు పోరగాడు

అందరికీ థాంక్స్. స్వప్నక్కా, మీ మాట కొట్టిపారేయలేను. నేనూ ఆ గేటు దగ్గర నిలబడ్డవాడినే.

2020 చట్టం బదులు 2024 డిసెంబర్‌లో సభ దాటిన భూభారతి చట్టంలో సాదాబైనామాలకు దారి మళ్లీ పెట్టారు, అప్పీళ్లు కూడా. గిర్దావర్ సార్, పాత మీసేవ రసీదు మీద సిరా వెలిసిపోయింది, నంబర్‌లో చివరి రెండు అంకెలు కనబడటం లేదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అదే పట్టుకుపోతున్నాం. ఎమ్మెల్యే లెటర్ ఎందుకు నాన్నా, చట్టం ఉంది కదా అన్నాను. "ఉండనీ బిడ్డా, కవర్లో పెట్టు" అన్నాడు. పెట్టాను.

రిటైర్డ్ గిర్దావర్

రసీదు ఫొటో తీసి నాకు పంపు. ఏ మీసేవ సెంటర్‌లో పెట్టారో అక్కడ కూడా అడుగు, వాళ్ల దగ్గర రిజిస్టర్ ఉండొచ్చు. లెటర్ మాత్రం అడుగున పెట్టు, పైన కాదు.