అంతా ముందే ఏర్పాటైతే, మన తాతలు గుండ్లకమ్మలో దిగి కోరుకున్నది ఏంది?

కావలి కుర్రాడు:
అందరికీ వందనాలు. మొన్న మా పేటలో మూడు రోజులు కూటాలు పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు ఎఫెసీ 1:4 తీసి, రక్షణ పొందేవాళ్ళను దేవుడు జగత్తుకు పునాది వేయకముందే ఏర్పరచుకున్నాడు, మనం నమ్మడం కూడా ఆయన ఇచ్చిందే, ఇందులో మన నిర్ణయం అంటూ ఏమీ లేదు అన్నాడు. రోమా 9లో దేవుడు తమ్ముడు యాకోబును ఏర్పరచుకుని అన్న ఏశావును కాదన్నది, మట్టి మీద కుమ్మరికి ఉన్న అధికారం, అన్నీ వరసగా చూపించాడు. సరే అనుకుంటుంటే చివర్లో "ఈ రాత్రే నిర్ణయం తీసుకోండి, చేతులెత్తండి" అన్నాడు! నిర్ణయం నాది కానప్పుడు చెయ్యి ఎత్తమనడం దేనికి?

అసలు టెన్షన్ అది కాదు. మా నాన్న బాప్తిస్మం తీసుకోకుండానే పోయాడు. ప్రతి ఆదివారం మమ్మల్ని బండి మీద చర్చి గేటు దాకా దింపి, ఎదురు టీ కొట్టులో పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు, లోపలికి మాత్రం రాలేదు. ఆ ప్రసంగం విని వచ్చినప్పటి నుంచి అమ్మ ఒకటే అడుగుతోంది, "అయితే మీ నాన్నను దేవుడు కావాలనుకోలేదా?" అని. ఏం చెప్పాలి?

చీమకుర్తి రాయి:
బ్రదర్, ముందు మీ నాన్నగారి సంగతి. ఎవరు ఏర్పాటులో ఉన్నారో లేరో చెప్పే అధికారం ఆ ప్రసంగీకుడికి లేదు, నాకూ లేదు. రహస్యాలు దేవునివి అని ద్వితీయోపదేశకాండం 29:29లోనే ఉంది. దాన్ని దాటి మాట్లాడేవాడు కాల్వినిస్టు (ఎవరు రక్షణ పొందాలో దేవుడే ముందు ఏర్పరచాడన్న కాల్విన్ బోధ నమ్మేవాడు) కాదు, సోదె చెప్పేవాడు.

ఇక చేతులెత్తమన్నందుకు నవ్వుకోవాల్సింది ఏమీ లేదు. ఏర్పాటు నమ్మేవాళ్ళు సువార్త చెప్పొద్దని ఎప్పుడూ అనలేదు. 1618-19లో హాలెండులో జరిగిన చర్చి పెద్దల డార్ట్ సభ ఈ సిద్ధాంతాన్ని ఐదు అంశాలుగా స్థిరపరిచింది కదా, సువార్తను తేడా లేకుండా అందరికీ ప్రకటించాలని ఆ నిర్ణయాల్లోనే రాసి ఉంది. 1793లో బెంగాలుకు వచ్చిన మిషనరీ విలియం కేరీ కాల్వినిస్టే. తండ్రి ఆకర్షించకపోతే ఎవడూ నా దగ్గరికి రాలేడు అన్నది యేసు ప్రభువే (యోహాను 6:44). మనిషికి ఇష్టం లేదని మేము అనడం లేదు, ఆ ఇష్టం పాపం వైపే మొగ్గుతుంది, దాన్ని దేవుడే తిప్పాలి అంటున్నాం.

పెన్నా ఒడ్డు:
తమ్ముడూ రాయీ, నీ మాటలు వినడానికి బానే ఉన్నాయి గానీ, ఆయన కొందరిని తిప్పి కొందరిని తిప్పకుండా వదిలేస్తే, వదిలేసినవాళ్ళను నరకానికి పంపడం ఏం న్యాయం? యెరూషలేమును చూసి ప్రభువు ఏడ్చింది ఉత్తినేనా? కోడి తన పిల్లలను చేర్చుకున్నట్టు చేర్చుకోవాలనుకున్నాను, మీరే ఒల్లలేదు అన్నాడు (మత్తయి 23:37). మనుషులందరూ రక్షణ పొందాలన్నదే ఆయన ఇచ్ఛ అని 1 తిమోతి 2:4. కాల్వినిస్టుల బోధను ఒప్పుకోని డచ్చి పండితుడు అర్మీనియస్ శిష్యులు 1610లో రాసిచ్చింది, 1739లో మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీ బ్రిస్టల్లో ప్రసంగించింది ఇదే, కృప అందరికీ అని.

ఇంకో మాట, దీన్ని పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మా ముసలివాళ్ళు ఊరి చివర బతికారు. నీ తలరాత ఇంతే అని తరతరాలుగా విన్నారు. ఆ రాతను వదిలించుకుందామనే కదా యేసు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు సూటు వేసుకున్నాయన వచ్చి, నుదుటి మీద కాదమ్మా జగత్తు పునాదికి ముందే రాశారు అంటే, ఆ రాతకూ ఈ రాతకూ తేడా ఏంది?

గుండ్లకమ్మ గట్టు:
అక్కా, తేడా ఉంది, అదీ చిన్నది కాదు. తలరాత ఏమంటుంది? పోయిన జన్మలో చేసినదానికి ఇప్పుడు అనుభవిస్తున్నావు అంటుంది. రోమా 9:11 ఏమంటుంది? పిల్లలు ఇంకా పుట్టలేదు, మంచీ చెడూ ఏదీ చేయలేదు, అప్పుడే పిలుపు వచ్చింది అంటుంది. అంటే ఆ పిలుపు నీ కులాన్ని, నీ పాత జన్మ లెక్కను చూసి వచ్చింది కాదు. ఊరి చివర ఉన్నవాడికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది చెప్పండి. ఆ అధ్యాయం మన పేటల్లో బెదిరింపుగా వినపడుతోందంటే, చెప్పేవాళ్ళు చెప్పే తీరు అలా ఉంది.

అయితే రాయి తమ్ముడితోనూ నాకు పేచీ ఉంది. మీ ఇద్దరూ ఒక్కడే మనిషి గదిలో కూర్చుని దేవుడికి అవునో కాదో చెప్పినట్టు మాట్లాడుతున్నారు. మన దగ్గర జరిగింది అట్లా కాదు. 1876-78 కరువులో మన జిల్లాల జనం పిట్టల్లా రాలారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి, జనానికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఆ ఏడాది పైచిలుకు కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పని ఆగాక, సాయం ఇక లేదని చెప్పినా జనం కదల్లేదట. చేతుల మీద బొబ్బలు చూపించి, మాకు డబ్బు వద్దు, పంట మళ్ళీ పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం అన్నారని ఆయన రాసుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం. ఇచ్చింది మన తెలుగు బోధకులే, క్లౌ కాదు.

వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఒక్కొక్కరు రాలేదు, పేటలకు పేటలు వచ్చారు, పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, వియ్యాలవారిని కలుపుకుని వచ్చారు. చచ్చిన పశువు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం, ఆదివారం పని చేయం అన్న మూడు షరతులు ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో ఈ మూడు మాటలు అంటే ఊళ్ళో రైతుల ఆగ్రహాన్ని కొని తెచ్చుకోవడమే. దీన్ని నిర్ణయం కాదని ఎవరనగలరు? అలాగని ఒక్కొక్కడి సొంత నిర్ణయం అనీ అనలేం.

రోమా 9 కూడా అట్లాంటిదే అని నా అభిప్రాయం. యాకోబును ప్రేమించితిని, ఏశావును ద్వేషించితిని అన్న మాట మలాకీలోది, అక్కడ లెక్క వాళ్ళ సంతతులైన రెండు జనాంగాల మధ్య. ఆదికాండం 33లో ఏశావు పరుగెత్తుకొచ్చి తమ్ముడిని కౌగిలించుకుంటాడు, నీ ముఖం చూస్తే దేవుని ముఖం చూసినట్టుంది అని యాకోబే అంటాడు. ద్వేషించబడినవాడి కథ అక్కడికి వచ్చింది. రోమా పత్రిక రాసిన పౌలు కూడా 9లో ఆగలేదు, 11:32లో అందరి మీదా కరుణ చూపడానికే అంటాడు. మూడు అధ్యాయాలు ఒక్క బిగిన చదవకుండా మొదటి దానితో కూటం ముగిస్తే కుర్రాడి వాళ్ళమ్మలాంటి వాళ్ళే ఏడవాల్సి వస్తుంది.

కావలి కుర్రాడు:
అన్నా, 11 దాకా అమ్మకు చదివి వినిపించా. కాస్త కుదుటపడింది. కానీ జనాంగాల సంగతి సరే, మీ నాన్న ఒక్కడే కదా అంటోంది.

చీమకుర్తి రాయి:
వాళ్ళమ్మగారు అడిగిందే నేనూ అడుగుతున్నా గట్టన్నా. జనాంగం అనగానే చిక్కు తీరిపోదు. రోమా 9లోనే దేవుడు గుండె కఠినపరచాడన్న ఐగుప్తు రాజు ఫరో ఒక్కడే మనిషి. అపొస్తలుల కార్యములు 13:48లో నిత్యజీవానికి నిర్ణయింపబడినవాళ్ళు నమ్మారు అని ఉంది, వాళ్ళూ మనుషులే.

గుండ్లకమ్మ గట్టు:
ఒప్పుకుంటా. ఆ వచనం నాకూ కొరుకుడు పడదు. కాకపోతే రెండు వచనాల పైన, 13:46లో, మీరు నిత్యజీవానికి అపాత్రులమని మీకు మీరే ఎంచుకున్నారు అని పౌలు యూదులతో అంటాడు. నమ్మినవాళ్ళ దగ్గర దేవుని పేరు, నమ్మనివాళ్ళ దగ్గర వాళ్ళ పేరు. ఆ పుస్తకం రాసిన లూకా ఈ రెంటినీ అతికించే ప్రయత్నం చేయలేదు. అమెరికా బాప్టిస్టుల్లో బాగా చెలామణీ అయిన 1833 న్యూహాంప్‌షైర్ విశ్వాస ప్రకటన కూడా ఏర్పాటు మనిషి స్వేచ్ఛకు అడ్డు కాదని చెప్పి ఊరుకుంది, ఎట్లా కాదో చెప్పలేదు. టీ కొట్టులో కూర్చున్న మనిషి గురించి ఏ సభా తీర్మానం చేయలేదు, మనమెందుకు చేయడం.

చీమకుర్తి రాయి:
పెన్నా అక్కా, మీకు ఒక ప్రశ్న. మీ మరిది రక్షణ కోసం శుక్రవారం ఉపవాసం ఉంటున్నానని ఇదివరకు ఇక్కడే రాశారు. నిర్ణయం పూర్తిగా ఆయనదే అయితే, దేవుడిని ఏం చేయమని అడుగుతున్నారు?

పెన్నా ఒడ్డు:
తలుపు తట్టమని అడుగుతున్నా. పగలగొట్టమని కాదు.

చీమకుర్తి రాయి:
దమస్కు దారిలో పౌలును తట్టలేదక్కా, కింద పడేశాడు.

పెన్నా ఒడ్డు:
అట్లా మా మరిదిని పడేస్తానంటే నేనేం అడ్డం చెప్పనులే.