తిండి వస్తువులతో గది కడుతున్నాం, అనుభవం ఉన్నవారు చెప్పండి

పాలమూరు_కుంచె:
మాది మహబూబ్‌నగర్. కళాశాల వార్షికోత్సవానికి ఒక గది మొత్తాన్ని తిండిగింజలతో కళారూపంగా మార్చాలనుకుంటున్నాం. విషయం వలస. పనికోసం దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలు, వాళ్లు మూటగట్టుకుని వెళ్లిన జొన్నరొట్టెలు, ఎండుకారం. వచ్చినవారికి వాసన తగలాలి, చప్పుడు వినపడాలి. నేలంతా జొన్నలు పరిచి నడిపించాలని, గోడలకు పసుపు పూయాలని, పైనుంచి ఎండుమిర్చి దండలు వేలాడదీయాలని ఆలోచన. ఇలాంటివి చేసినవారు, చూసినవారు ఉన్నారా?

బత్తాయి_తోట (నల్లగొండ):
జొన్నల మీద మాత్రం నడిపించకండి. మా అమ్మమ్మ కాలికింద గింజ పడితే తీసి కళ్లకద్దుకునేది. అలాంటివాళ్లు మీ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఎవరి బతుకు చెబుతున్నారో వాళ్లే అడుగుపెట్టలేని గది ఎందుకు? పైగా బండల మీద గింజలు జారుతాయి. వాటి బదులు పల్లికాయ పొట్టు పరచండి. అడుగు వేస్తే కరకరలాడుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. పల్లి పడనివారు కొందరుంటారు కాబట్టి గుమ్మం దగ్గర బోర్డు పెట్టండి.

ఎర్రమట్టి:
పొట్టు బాగా జల్లెడ పట్టాకే పరచండి. 2010లో లండన్‌లోని టేట్ మోడర్న్ అనే కళా ప్రదర్శనశాలలో చైనా కళాకారుడు ఐ వైవై దాదాపు 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిచారు. మొదట జనాన్ని వాటిమీద నడవనిచ్చారు. ఆ దుమ్ము ఊపిరికి మంచిది కాదని కొద్దిరోజులకే ఆపేశారు. మిర్చి కూడా అంతే. ఒక ప్రదర్శనలో పగిలిన కాయల కింద ఫ్యాను తిరుగుతుంటే జనం దగ్గుతూ బయటికి పరుగెత్తడం చూశాను. తొడిమతో ఉన్న నిండుకాయలే కట్టండి.

సున్నపుగోడ:
పసుపును సున్నం గోడకు పూస్తే ఎర్రబడుతుంది, పారాణి అయ్యేది అలాగే కదా. ఎండ తగిలితే వెలిసిపోతుంది కూడా. నూలు గుడ్డకు పట్టించి వేలాడదీయండి. ఎరుపు కావాలంటే ఒక్క గోడ మీద అరచేతి ముద్రలు వేయించండి, చాలు.

పాలమూరు_కుంచె:
నడక ఆలోచన మానేశాం. మరి జొన్నలు ఎక్కడ పెట్టాలి? రొట్టె తట్టే చప్పుడు రికార్డు చేసి వినిపిస్తే సరిపోతుందా?

జొన్నచేను:
జొన్నలను మట్టి గుమ్మిలో పోసి, మోచేతిదాకా చెయ్యి పెట్టనివ్వండి. లోపలి గింజ చల్లగా తగులుతుంది, పట్నం పిల్లలకు అది చాలా కొత్త. అడుగున వేపాకు వేస్తే పురుగు తగ్గుతుంది. చప్పుడు మాత్రం రికార్డు వద్దు. రొట్టెలు చేసే పెద్దమ్మ ఒకరిని పిలిచి, కూలి ఇచ్చి, అక్కడే తట్టించండి. తడిచేత్తో పిండిముద్దను తిప్పుతూ అంచు పగలకుండా సాగదీసే ఆ లయ, పెనం మీద వేశాక తడిగుడ్డతో అద్దితే లేచే ఆవిరి, కాలిన జొన్న వాసన... మీరు కోరుకున్నదంతా అందులోనే ఉంది. పొయ్యి గుమ్మం బయటే పెట్టండి. వచ్చినవారందరికీ తలా ఒక ముక్క పెట్టండి. తినలేని తిండి మధ్య నిలబెట్టి ఆకలి గురించి చెప్పడం నాకు నచ్చదు.

బత్తాయి_తోట:
నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకో మాట: ముగిశాక ఏది ఎవరికి వెళ్తుందో ఇప్పుడే మాట్లాడుకోండి. చేతులు పడిన జొన్నలు కోళ్లకు, విప్పని సంచులు హాస్టల్ వంటశాలకు, పొట్టు ఎరువు గుంతకు. బూజు పట్టినవి పశువులకు పెట్టకండి, అందులో విషం ఉండొచ్చు. బియ్యం కూడా వాడే పనైతే రేషన్ బియ్యం కొనవద్దు, అది నేరం.